నరకం ఆవిరి మీద ఇడ్లీలు

మా ఇంట్లో ఇడ్లీ వండి మూడు నెలలు దాటింది. పిండికి లోటు లేదు. అమెరికా అయినా ఈ రెడ్‌మండ్‌లో మినప్పప్పు దగ్గర్నుంచి అరిటాకు దాకా దొరకనిదంటూ లేదు. లేనివల్లా ఇడ్లీ రేకులు. మా ఆవిడ భానుమతి వాటిని పాత చీరలో చుట్టి పెద్ద సూట్‌కేసు అడుగున పెట్టింది. ఆ సూట్‌కేసు మా గదిలో కిటికీ కింద నిలబడి ఉంది. దాని మీద చెయ్యి వేయడానికి ఎవరికీ అనుమతి లేదు. ఎందుకంటే అది జపాన్ వెళ్ళాలి.

"కొత్త రేకులు ఆర్డర్ చేస్తానమ్మా, రేపటికల్లా వచ్చేస్తాయి" అంది మా అమ్మాయి గీతాంజలి ఒకరోజు ఉండబట్టలేక.

"చెయ్యి. అందులో నువ్వే వండుకో, నువ్వే తిను" అంది భానుమతి. "నా రేకులు ప్రయాణంలో ఉన్నాయి."

ప్రయాణంలో ఉన్న రేకులు కిటికీ కింద ఎందుకు కూర్చున్నాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేము అమెరికా వచ్చినప్పుడల్లా, తిరిగి వెళ్ళినప్పుడల్లా టోక్యోలో విమానం మారేవాళ్ళం. మొట్టమొదటిసారి అక్కడ బెంచీ మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పుతుంటే, ఎదురుగా గోడకి తలుపంత టీవీ. అందులో సముద్రపు ఒడ్డు. ఒడ్డున వరసగా రంగురంగుల గొడుగులు. ఒక్కో గొడుగు కింద ఒక్కో మనిషి తల. తల మాత్రమే! మెడ దాకా నల్లటి ఇసుకలో పూడ్చేసి ఉన్నారు.

"చూశావా, మొగుడికి ఎదురు చెప్పిన ఆడాళ్ళని ఈ దేశంలో ఇలా పాతేస్తారు" అన్నాను.

భానుమతి వినలేదు. ఒక ముసలమ్మ మీద పారతో ఇసుక పోస్తున్నారు. ఆ ముసలమ్మ కళ్ళు మూసుకుని, ఇంకా పోయండి, ఇంకా పోయండి అన్నట్టు మొహం పెట్టింది. భానుమతి చేతిలో పులిహోర చేతిలోనే ఉండిపోయింది.

"ఆ ఇసుక వేడిగా ఉంటుందాండీ?" అంది.

తెలిసిన వాళ్ళని అడిగితే చెప్పారు. ఆ ఊరి పేరు బెప్పు. సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. ఊరి కిందంతా వేన్నీళ్ళ ఊటలు. వాటి మూలంగా ఇసుక అడుగు నుంచీ కాగుతుంది. కీళ్ళ నొప్పులకి మంచిదట. భానుమతికి అప్పటికే మోకాళ్ళు సలపడం మొదలైంది. ఇంకేం, ఆ ఊరి పేరు కొంగున ముడేసుకుంది.

అప్పట్నుంచి ప్రతి ప్రయాణానికీ ఒకటే మాట, "ఈసారి ఆగుదామండీ." ఒకసారి గీతాంజలికి నెలలు నిండాయని ఆగలేదు. ఒకసారి ఊళ్ళో చుట్టాల పెళ్ళికి వేళ మించిపోతోందని ఆగలేదు. తర్వాత కరోనా వచ్చి అసలు కదలనే లేదు. మనవరాలు ఇషిత కాలేజీకి వచ్చింది. మేము గ్రీన్ కార్డులు పుచ్చుకుని ఇక్కడే ఉండిపోయాం. బెప్పు మాత్రం దారిలోనే ఉండిపోయింది, రోజూ బస్సు దాటిపోయే ఊళ్ళాగా.

ఈ ఏడు మార్చిలో ఎలాగైనా వెళ్ళాలని నిశ్చయం చేసుకున్నాం. గీతాంజలి టికెట్లు బుక్ చేసింది, వీసాలు వచ్చాయి. ఇషిత ఆ ఊరి వింతలన్నీ వీడియోల్లో చూపించింది. నేను చదివింది మా ఊరి పాకబడిలో అయిదో తరగతి దాకానే గానీ, చూసిందాన్ని చిలవలు పలవలు చేసి చెప్పడంలో ఏ పట్టాకీ తీసిపోను. సాయంత్రం పార్కు బెంచీ దగ్గర చేరే మా ముసలి దండుకి బెప్పు గైడుని నేనే అయ్యాను. హైదరాబాదు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన దివాకర్ గారు నా మాటలకు నోరు తెరుచుకుని కూర్చునేవారు.

"ఆ ఊళ్ళో నరకాలున్నాయి. మొత్తం ఏడు" అన్నాను ఒకరోజు. "మనకి ఇరవై ఎనిమిది. వాళ్ళది చిన్న దేశం కదా, ఏడుతో సరిపెట్టుకున్నారు. ఒకదాంట్లో నీళ్ళు సముద్రంలా నీలంగా ఉడుకుతుంటాయి. ఒకదాంట్లో నెత్తురులా ఎర్రగా. ఇంకోదాంట్లో బురద కుతకుతలాడి గుండ్రంగా బుడగలు లేస్తాయి, అచ్చం తిరుపతిలో తలనీలాలిచ్చి వరసగా కూర్చున్నవాళ్ళ బోడిగుండ్లు. మరోదాంట్లో మొసళ్ళు. టికెట్టు కొనుక్కుని, ఆ వేడిలోనే ఉడికిన కోడిగుడ్లు తింటూ, జనం పిల్లాజెల్లాతో తిరుగుతుంటారు. పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు, సాయంత్రం అయిదింటికి మూసేస్తారు."

"గదేంది! నరకం గూడ బంద్ చేస్తరా?" అన్నారు దివాకర్ గారు.

"చేయరూ మరి? యముడికి మాత్రం పెళ్ళాం పిల్లలుండరా? అయిదు దాటాక పోయినవాళ్ళు బయట అరుగు మీద కూర్చోవాలి. మా బావమరిది అలాగే కూర్చుని కూర్చుని, విసుగుపుట్టి, లేచి ఇంటికొచ్చేశాడు. ఇప్పటికీ పొగాకు పండిస్తున్నాడు."

"ఇంకేమున్నయి?"

"ఊరి పక్కన కోతుల కొండ. రెండు గుంపులు వంతులు వేసుకుని కిందికి దిగుతాయి. ఒక గుంపు ఆన్‌సైట్, ఇంకో గుంపు ఆఫ్‌షోర్. మధ్యలో పెద్ద కోతులు రెండూ చెట్టు కింద మీటింగు పెట్టుకుని పని అప్పగించుకుంటాయి. మా అల్లుడు చేసేది అదే పని. అల్లుడికి తోక లేదు, అంతే తేడా."

అందులో సగం నిజం. ఏ సగమో నాకే అప్పుడప్పుడు గుర్తుండదు.

భానుమతి మనసు మాత్రం నరకాల మీద లేదు, కోతుల మీదా లేదు. ఆమెకి కావలసినవి రెండే: ఒకటి ఇసుక, రెండోది ఆవిరి. ఆ ఊళ్ళో కాలవల్లోంచీ గోడల పక్కనుంచీ ఎప్పుడూ ఆవిరి పైకి లేస్తూ ఉంటుంది. ఆ ఆవిరి మీద బుట్టలు పెట్టి ఎవరి కూరగాయలు వాళ్ళు ఉడికించుకునే వంటశాలలున్నాయి. ఇషిత ఆ వీడియో చూపిస్తుంటే భానుమతి ఆపమంది.

"ఎవరిది వాళ్ళే తెచ్చుకోవచ్చా?"

"యెస్ అమ్మమ్మా. యూ బ్రింగ్ ఎనీథింగ్. వాళ్ళు స్టీమ్ ఇస్తారు."

మర్నాటికల్లా ఇడ్లీ రేకులూ, ఇడ్లీ రవ్వా, కారప్పొడి డబ్బా సూట్‌కేసు అడుక్కి చేరాయి.

"నరకం ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ తింటే పాపం పోతుందంటావా, పట్టుకుంటుందంటావా?" అని అడిగాను.

"మీకు కొత్తగా పట్టుకునేందుకు చోటేది?" అంది.

ప్రయాణం ముందు వారం ఆమె రెండు మోకాళ్ళూ గుమ్మడికాయల్లా వాచిపోయాయి. మంచం దిగలేదు. డాక్టరు ఫోటోలు తీసి, లోపల ఎముకా ఎముకా ఒరుసుకుంటున్నాయనీ, రెండూ మార్చాల్సిందేననీ తేల్చాడు. టికెట్లు క్యాన్సిల్ చేశాం. ఆపరేషన్‌కి జూన్‌లో ఒక మంగళవారం డేట్ ఇచ్చారు.

భానుమతి ఒప్పుకోలేదు. "ఆ ఇసుకలో ఒక్కసారి పడుకుని వచ్చాక కోసుకోండి. అంతదాకా నా మోకాళ్ళ జోలికి రావద్దు."

"అమ్మా, ఈ మోకాళ్ళతో అంతదూరం ఫ్లైట్ ఎలా ఎక్కుతావు?" అంటుంది గీతాంజలి.

"అయితే ఆపరేషనూ వద్దు."

పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టు తయారైంది వ్యవహారం. గీతాంజలి బతిమాలింది, అలిగింది, ఒకరోజు ఏడ్చింది కూడా. భానుమతి కదలలేదు.

నా బాధ వేరు. మా పెళ్ళయిన దగ్గర్నుంచీ నడకలో ఆమె ముందు, నేను వెనక. మా ఊళ్ళో చూసినవాళ్ళు "బండి ముందు, ఎద్దు వెనకానా?" అని ఎగతాళి చేసేవారు. నాకు తప్పనిపించలేదు. ముందు ఆమె చెప్పుల టపటప వినపడుతుంటే, ఏ దారైనా అదే తెలుస్తుందిలే అనుకుంటూ నా కబుర్లు నేను చెప్పుకుంటూ పోయేవాణ్ని. రెడ్‌మండ్ వచ్చాకా అంతే. మా వీధి మలుపు దగ్గర ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగి, "రండి, రోడ్డు ఎక్కడికీ పోదు గానీ పొద్దు పోతుంది" అనేది. ఇప్పుడు ఒక్కణ్నే పార్కుకి వెళ్తున్నాను. ఆ మలుపు దగ్గరికి రాగానే కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. అక్కడ ఎవరూ ఉండరు. ముందు నడిచే మనిషి లేకపోతే దారి ఇంత పొడుగ్గా ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఆపరేషన్ మంగళవారం. దాని ముందరి శనివారం పొద్దున భానుమతి పక్కన కూర్చుని అన్నాను: "లే. చీర మార్చుకో. బెప్పు వెళ్తున్నాం."

"మతి పోయిందా?"

"అది పోయి చాలా కాలమైంది. ఇదిగో, ఇక్కడి సముద్రానికి అవతలి ఒడ్డే జపాన్. నీళ్ళు ఒకటే, ఇసుకా ఒకటే. మనం ఇవతలి కొస నుంచి మొదలుపెడతాం, అంతే."

"తాతా, బెప్పు ఓపెన్ ఓషన్ మీద లేదు. లోపల, బే మీద ఉంటుంది" అంది ఇషిత గుమ్మంలోంచి.

"నీళ్ళకి ఆ సంగతి తెలియదులే. కారు తియ్యి."

గీతాంజలికి ఆ శనివారం ఆఫీసు పని తగులుకుంది, రాలేనంది. తల్లి వంక చూసి, నా వంక చూసి, "జాగ్రత్త నాన్నా. ఆపరేషన్‌కి అమ్మ వస్తుందా రాదా అని మండే లోపు హాస్పిటల్ వాళ్ళకి కన్ఫర్మ్ చేయాలి" అని మాత్రం అంది. భానుమతి డాక్టరు ఇచ్చిన వాకర్ చట్రం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. శనగపిండీ, మిరపకాయలూ, నూనె సీసా, మూకుడూ సంచిలో వేయించింది. సముద్రం దగ్గరికి వెళ్ళి మిరపకాయ బజ్జీ తినకుండా రావడం బాపట్ల వైపు మనుషులకు చేతకాదు. ఇషిత తన క్యాంపింగ్ స్టవ్ డిక్కీలో పడేసింది.

ఓషన్ షోర్స్ మూడు గంటల దారి. అక్కడ ఇసుక మీదికి కారు తోలుకుపోవచ్చు. ఇసుక బూడిదరంగులో, నేల గట్టిగా, కనుచూపు మేర మనుషులు లేకుండా ఉంది. గాలి మాత్రం చెవులు ఊడబెరుకుతోంది. ఇషిత వేసవి గొడుగు పాతింది. నేను పిల్లలాడుకునే ప్లాస్టిక్ పార పుచ్చుకుని గొయ్యి తవ్వడం మొదలుపెట్టాను.

పైన జానెడు ఇసుక ఎండకి వెచ్చగానే ఉంది. కిందికి పోయేకొద్దీ చల్లబడింది. మోచెయ్యి లోతుకి పోయేసరికి తడి. ఇంకొంచెం పోతే ఐసుపెట్టెలో చెయ్యి పెట్టినట్టుంది.

అంతలో ఒక పికప్ ట్రక్ మా పక్కనే ఆగింది. అందులోంచి ఎర్ర గడ్డం తెల్లాయన దిగాడు, వెనకాలే కుక్క. ఎండలో కుర్చీలో ముడుచుకు కూర్చున్న ముసలావిణ్ని చూశాడు. మనిషి పట్టేంత గొయ్యి చూశాడు. దాని పక్కన పారతో నన్ను చూశాడు. మెల్లగా ఇషిత దగ్గరికి వెళ్ళి, అంతా బానే ఉందా అని అడిగాడు.

"ఫైన్! హీ ఈజ్ బరీయింగ్ మై గ్రాండ్‌మా. ఐ మీన్... ఇట్స్ ఎ జపనీస్ థింగ్."

"మీరు జపనీసా?"

"నో, తెలుగు."

ఆయన గడ్డం గోక్కున్నాడు. ఏమర్థమైందో ఏమో, ట్రక్కులోంచి అసలైన ఇనప పార తెచ్చి నా చేతికిచ్చాడు. భానుమతిని మెల్లగా దింపి గోతిలో దుప్పటి మీద కూర్చోబెట్టడానికి ఓ చెయ్యి కూడా వేశాడు. నేను కాళ్ళ మీద ఇసుక పోశాను. మోకాళ్ళు మునిగాయో లేదో, భానుమతి దవడలు టకటకలాడాయి.

"ఏవండీ, చచ్చిపోతున్నాను! తియ్యండి, తియ్యండి!"

"ఓర్చుకో, కాసేపట్లో వేడెక్కుతుంది."

"అది అడుగునుంచి కాగే ఇసుకండీ! ఇది మీ కబుర్లలాంటిది. పైపైనే వెచ్చన, లోపలంతా చల్లన!"

ముగ్గురం కలిసి బయటికి లాగి, ఎండపొడలో దుప్పటి మీద పడుకోబెట్టాం. కాళ్ళు నీలంగా అయిపోయాయి. గడ్డం ఆయన పార నాకే వదిలేసి, మళ్ళీ వచ్చి తీసుకుంటానని కుక్కతో నడకకి వెళ్ళాడు. ఇషిత అమ్మమ్మ పాదాలు రుద్దుతోంది. నేను గొయ్యి వంక చూస్తూ నిలబడ్డాను. అప్పటిదాకా నాకు నవ్వులాటగానే ఉంది. ఆ పాదాలు చూశాక, దాన్ని ఇంత దూరం లాక్కొచ్చి ఏం చేశాన్రా అనిపించింది.

భానుమతే అంది: "ఆ మూకుడు ఇలా తెమ్మను."

"బజ్జీలా, ఇప్పుడా?"

"బజ్జీలు కాదు. ఇసుక పొయ్యండి అందులో. పైన ఎండిన ఇసుక. మా అమ్మ కాపడం పెట్టేది ఎలాగనుకున్నారు?"

నా బుర్రకి తట్టలేదు చూడండి. మా ఇళ్ళల్లో కాలు బెణికినా, నడుం పట్టేసినా, బాలింతరాలికైనా పెంకులో ఇసుక వేయించి మూట కట్టి కాచేవాళ్ళు. జపాన్ దాకా వెతికిన వైద్యం మా అత్తగారి పొయ్యి మీదే ఉండేది. ఇషిత కారు చాటున స్టవ్ వెలిగించింది. నేను మూకుట్లో ఇసుక పోసి, గరిటెతో వేరుశనక్కాయలు వేయించినట్టు కలిపాను. నా తువ్వాలు రెండుగా చింపి మూటలు కట్టాం. వాటిని మోకాళ్ళ మీద ఆనించగానే భానుమతి కళ్ళు మూసుకుంది. తర్వాత మూకుడు మీద మూకుడు వేయించి, చెయ్యి పెట్టి వేడి చూసి, మోకాళ్ళ చుట్టూ కుప్పగా పోస్తూ వచ్చాను. ఆమె మొహం నెమ్మదిగా టీవీలో ముసలమ్మ మొహమైంది. ఇంకా పోయండి, ఇంకా పోయండి.

ఇషిత బజ్జీలకి పిండి కలపడానికి కారు దగ్గరికి వెళ్ళింది. నేను పక్కనే ఇసుకలో పడుకున్నాను. సీగల్ పక్షులు శనగపిండి వాసనకి వచ్చి కారు చుట్టూ చేరాయి.

"అవిగో, ఆఫ్‌షోర్ గుంపు దిగింది" అన్నాను.

నవ్వలేదు. కళ్ళు తెరవకుండానే, "ఏవండీ" అంది.

"ఊఁ."

"ఆపరేషన్ అయితే నా మోకాళ్ళు బాగైపోతాయి కదా?"

"అవడానికేగా."

"అప్పుడు నేను బెప్పు వెళ్దామంటే మీరేమంటారు?"

"నేనేమంటాను?"

"బాగైపోయాయి కదే, ఇంకా ఇసుకెందుకు అంటారు. మీరనకపోతే గీత అంటుంది. గీత అనకపోతే నాకే అనిపిస్తుంది. కాశీకి మీ అమ్మగారి అస్థికలు పట్టుకుని వెళ్ళాను. తిరుపతికి మొక్కుండి వెళ్ళాను. అమెరికాకి గీత పురిటికి వచ్చాను. ఊరికే చూడ్డానికని నేను ఎక్కడికి వెళ్ళానండీ? వెళ్తానంటే నవ్వరూ, ఇంత వయసొచ్చి ఆ తిరుగుడేమిటని? మోకాళ్ళ నొప్పి ఉంది కాబట్టి ఆ ఊరి పేరు ఎత్తగలిగాను. అది కాస్తా పోతే, అక్కడ నాకు పనేముంది?"

ఇసుకలోంచి లేచి కూర్చున్నాను.

కత్తికి భయపడుతోందనుకున్నాను. గీతాంజలీ అలాగే అనుకుని, ఆపరేషన్ అయినవాళ్ళందరి చేతా ఫోన్లో ధైర్యం చెప్పించింది. ఈవిడ తన నొప్పిని ఆ ఊరికి టికెట్టులా ఇన్నేళ్ళూ గుప్పిట్లో దాచుకుందని, పక్కమీద పక్కనే పడుకునే నాకు తెలియలేదు. సముద్రం వంక చూశాను. అవతలి ఒడ్డు ఎలాగూ కనపడదు. అయినా చాలాసేపు చూశాను.

"భానూ, నీకో సంగతి చెప్పలేదు. నాకు నడుం నొప్పి" అన్నాను.

ఒక కన్ను తెరిచింది. "ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచి."

"ఇందాక అడవిదున్నలా గొయ్యి తవ్వారుగా?"

"అందుకే వచ్చింది. ఇది మామూలు నొప్పి కాదు. మా వంశంలో తరానికొకడికి వస్తుంది. మా తాతకి వస్తే, ఆయన మూలిగిన మూలుగుకి చీరాల్లో రైలు ఆగిపోయింది. పెద్ద పెద్ద డాక్టర్లు నా నడుం చూసి కళ్ళజోళ్ళు తీసి కళ్ళు తుడుచుకున్నారు. దీనికి భూమ్మీద ఒకే ఒక్క చోట మందుంది, అడుగునుంచి కాగే ఇసుక అన్నారు."

"ఎప్పుడన్నారో?"

"అంటారు, ఎక్కడికి పోతారు? వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, నేనొక్కణ్నీ అంత దూరం పోలేను. తోడు కావాలి. నా వెనక మూలుగుతూ నడిచే తోడు కాదు. ముందు నడవాలి. మలుపు దగ్గర ఆగి పిలవాలి. మోకాళ్ళు గట్టిగా ఉన్న మనిషి ఎవరైనా ఉంటే చూడు."

భానుమతి మోకాళ్ళ మీది ఇసుక కుప్ప సన్నగా బీటలు వారడం చూశాను. నవ్వుతోంది. మోకాళ్ళు కదిలితే నొప్పి కాబట్టి ఆపుకుంటూ, ఆపుకోలేక నవ్వుతోంది. కళ్ళ పక్కన నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. తుడవడానికి నా తువ్వాలు లేదు, ఇసుక మూటలైపోయింది.

"అబద్ధాలకోరు" అంది.

"ఆ మాట డాక్టర్లతో అనకు. నొచ్చుకుంటారు."

ఇషిత బజ్జీల పళ్ళెంతో వచ్చింది. ఒక చెవికి ఫోన్. "అమ్మమ్మా, అమ్మ అడుగుతోంది. ట్యూస్‌డేకి యెస్ చెప్పాలా, నో చెప్పాలా?"

"చెప్పమను" అంది భానుమతి. "యెస్ అనే చెప్పమను. అలాగే ఆ సూట్‌కేసు జోలికి వెళ్ళొద్దని కూడా చెప్పు. రేకులు అందులోనే ఉంటాయి. మీ తాతకి నడుం నొప్పట."

"వాట్? తాతా, ఆర్ యూ ఓకే?"

"పెద్ద నొప్పేనమ్మా" అని మూలిగి, రెండు బజ్జీలు అందుకున్నాను.

గడ్డం ఆయన పార కోసం వచ్చాడు. ఆయనకీ రెండు బజ్జీలు పెట్టాం. ఒకటి తిని, సముద్రం వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నరకం రుచి అలాగే ఉంటుందని ఇషిత చేత చెప్పించాను.

సామాన్లు సర్దేసరికి గాలి ఇంకా హెచ్చింది. కారు కొంచెం ఎగువన ఉంది. దగ్గరికి తెస్తానంది ఇషిత. వద్దంది భానుమతి. గట్టి ఇసుక మీద చట్రం ఆనించి, ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. పట్టుకుందామని నా చెయ్యి ముందుకి పోయింది, వెనక్కి తీసుకున్నాను. వంగి, మూకుడులో ఇసుక దులిపాను. దులిపిందే మళ్ళీ దులిపాను. దుప్పటి మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మడిచాను. తల ఎత్తేసరికి ఆమె నాకంటే ముందు ఉంది.

చట్రం పట్టుకునే, మెల్లగా, ఒళ్ళంతా తిప్పుకుని వెనక్కి చూసింది. నడుం మీద పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఏం, నడుం పట్టేసిందా?" అని గాలిలో అరిచింది. "త్వరగా రండి! అయిదింటికి నరకం మూసేస్తారు!"